వరద చూసిన భోషాణం

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల వరద ఒక్కటే దీనికన్న పెద్దది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా అక్కయ్యా బావగారూ కట్టుబట్టలతో ఇల్లు వదిలారు. నీరు తీశాక నేను ఖమ్మం నుంచి వెళ్ళి చూద్దును గదా, ఇల్లంతా ఒండ్రు!

సామానంతా పెరట్లో ఎండకు వేశారు. మూడేళ్ళ క్రితం బావగారు ముచ్చటపడి కొన్న బీరువా రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలది. దాని అంచులు నానేసిన అటుకుల్లా ఉబ్బి, వేలు పెడితే రాలుతున్నాయి. తాతగారి పడక కుర్చీ కీలుకు కీలు ఊడిపోయింది. వాటి మధ్య మా అమ్మమ్మ భోషాణం, మూత బిగుసుకుని, బురదలో పొర్లి వచ్చిన గేదెలా కూర్చుని ఉంది.

"ఇదంతా పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం, ఈ కంపు భరించలేం" అన్నారు బావగారు. అక్కయ్య మాట్లాడలేదు. భోషాణం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ పెట్టె అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు వచ్చింది. ఆమె మౌనం అర్థమై నేనే వెళ్ళి ఆచారిగారిని పిలుచుకువచ్చాను.

ఆయన వస్తూనే కోప్పడ్డాడు. "దీన్ని ఎండలో పెట్టింది ఎవరండీ? ముందు నీడకు లాగండి!"

తడిసిన కొయ్యను ఎండలో పెడితే పైపొర గబగబ ఆరి ముడుచుకుంటుంది. లోపలి చెమ్మ అలాగే ఉంటుంది. ఆ పెనుగులాటలో కొయ్య పగులుతుంది, లేదా మెలి తిరుగుతుంది. అంచేత గాలి ఆడే చావడిలో, నేలకు తగలకుండా ఇటుకల మీద ఎత్తిపెట్టి, దసరా దాటే దాకా ముట్టుకోవద్దన్నాడు. మూత బలవంతాన తెరవనివ్వలేదు. లోపల ఉన్నవి ఇత్తడి బిందెలు కనుక తొందరా లేదు. రెండు నెలలకు మూత దానంతటదే వచ్చింది.

ఊడిపోయిన కుర్చీని చూసి నేను దిగులుపడితే ఆయన నవ్వాడు. పూర్వం కీళ్ళకు పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవారట. అది నీళ్ళకు కరుగుతుంది. కీలు విడుతుంది గాని కర్ర చీలదు. కుసి కడిగి, బెజ్జం శుభ్రం చేసి మళ్ళీ బిగిస్తే సరి. భోషాణం పలకలకైతే జిగురే లేదు. చట్రంలో గాడి తీసి పలకను వదులుగా నిలిపారు. వానాకాలంలో ఉబ్బడానికీ, వేసవిలో ముడుచుకోవడానికీ దానికి చోటుంది. మూలల్లో కొయ్య మేకులు. ఆచారిగారు వాటిని వెనకనుంచి తట్టి తీసి, పెట్టెను మొత్తం విప్పి చాప మీద పరిచేశాడు. అక్కయ్య గుండెలు బాదుకుంది!

కర్ర చేవదేలిన టేకు. ఒకప్పుడు ఈ అడవుల టేకు తెప్పలు కట్టుకుని పాపికొండల మధ్యనుంచి రాజమండ్రి అడితులకు దిగేది. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోదే గదా. టేకులో సహజంగా ఉండే నూనె చెదను దగ్గరకు రానివ్వదు. ఇనుప పట్టీల చుట్టూ మాత్రం నల్లని మచ్చలు పడ్డాయి. ఆక్సాలిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి పూసి, బాగా కడిగితే అవి వదిలాయి. చేతులకు తొడుగులు లేనిదే అది ముట్టుకోకూడదు. తెల్లగా పొక్కిన లక్క పాలిష్‌ను స్పిరిటుతో తుడిచి కొత్తగా పట్టించాడు.

అడుగు చట్రం ఒక్కటే పుచ్చిపోయింది. దానికి కొత్త టేకు కావాలి. అడవి పక్కనే ఉంది గదా అని బావగారు ఎవరినో అడగబోయారు. ఆచారిగారు ససేమిరా అన్నాడు. అటవీశాఖ కాగితం లేని కర్ర మీద ఆయన ఉలి పెట్టడు. పైగా పచ్చి కర్ర రేపు వంగుతుంది.

చివరికి కర్ర దొరికింది గాని, దొరికిన చోటు తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన కూనవరం వైపు, పోలవరం ముంపులో పోయే ఊళ్ళో ఒక కుటుంబం ఇల్లు విప్పుకుంటోంది. తలుపులు తమతో తీసుకుపోతున్నారు. పాత దూలం ఒకటి అమ్మారు. ఆ ఇల్లాలు డబ్బు లెక్కపెట్టుకోకుండానే కొంగున ముడివేసింది. "దేనికి చేయిస్తున్నారు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. తల ఊపింది.

దూలం మీది మసి చిత్రికకు లేచిపోయి లోపల తేనెరంగు తేలింది.

"కాళ్ళు ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?" అన్నాడు ఆచారిగారు. అక్కయ్య గోడ మీద నీటిచార చూపించింది. నడుము దాకా ఉంది. "అంతెత్తయితే మూత తీయడానికి నిచ్చెన వేసుకోవాలి తల్లీ!" అన్నాడు. జానెడుకు రాజీపడ్డారు.

మిగిలిన కర్రతో బావగారు ఒక గోడ అలమర చేయించుకున్నారు, ఆ నీటిచారకు మూరెడు పైన. పొట్టుచెక్క బీరువాలోని ఆయన పుస్తకాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. కూలి బేరం మాత్రం నాచేత ఆడించారు.