గేదె వట్టిపోయిన రెండు నెలలు: పాలు, పెరుగు లేకుండా ఇంటి వంట

ఒకటి రెండు గేదెలున్న ఇంట్లో చాలామంది చూడి ఎనిమిదో నెల దాటినా "పిల్లలకు గ్లాసుడు పాలైనా రావాలి కదా" అని అర లీటరో, లీటరో పితుకుతూనే ఉంటారు. దీనివల్ల గేదె ఒళ్లు తగ్గుతుంది, పొదుగుకు విశ్రాంతి దొరకదు, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపేయాలి. ఆ రోజుల్లో వంట ఎలాగో చూద్దాం. పాలు పడని వాళ్లున్న ఇళ్లకూ ఇది పనికొస్తుంది.

100 గ్రాముల పాలలో క్యాల్షియం సుమారు 120 మి.గ్రా. ఉంటుంది. అంతే బరువు రాగుల్లో, మునగాకులో 300 మి.గ్రా. పైనే, నువ్వుల్లో 1000 మి.గ్రా. పైనే. అయితే పాలు గ్లాసులతో తాగుతాం, నువ్వులు చెంచాలతో తింటాం. పైగా రాగులు, నువ్వుల్లోని క్యాల్షియం పాలలోదంత తేలిగ్గా ఒంటికి పట్టదు. కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోకుండా రోజూ రెండు మూడు రకాలు వండుకోవాలి.

పొద్దున రాగి జావ. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. ఈ పిండిని రాత్రే నీళ్లలో కలిపి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. కాచి, చల్లార్చి ఉప్పు, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే మజ్జిగ లేని లోటు తెలియదు.

మధ్యాహ్నానికి తెలగపిండి మునగాకు కూరను మించింది లేదు. బాలింతలకు పెట్టే కూరే ఇది. రెండు గ్లాసుల నీళ్లు మరిగించి ఉప్పు, పసుపు, మునగాకు వేసి, ఆకు మెత్తబడ్డాక గ్లాసు తెలగపిండి కలిపి పొడిపొడిగా అయ్యేదాకా ఉడికించి, వెల్లుల్లి దంచి పోపు పెట్టాలి. తెలగపిండి గానుగ నుంచి తాజాగా తెచ్చిందే వాడండి. దాణా కోసం నిల్వ ఉంచిన చెక్క వద్దు. బూజు పట్టిందైతే మనుషులకే కాదు, పశువుకూ పెట్టకూడదు.

చివర్లో పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టు ఉండదనే వాళ్లకు ఉలవచారు ఉంది. ఎడ్లకు ఉలవలు ఉడికించే ఇళ్లలో పుట్టిన వంట కదా, వేరే ఖర్చేమీ ఉండదు. వేయించిన నువ్వులు, పల్లీలు దంచి కలిపిన పచ్చి పులుసు కూడా బాగుంటుంది. పప్పులోకి నెయ్యి బదులు నువ్వుల నూనె సరిపోతుంది.

మాంసకృత్తుల కోసం పప్పు చిక్కగా వండండి. గుడ్డు తినేవాళ్లకు ఒక్కోదానిలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, బి12 విటమిన్ దొరుకుతాయి. బి12 ధాన్యాలు, ఆకుకూరల్లో దొరకదు. గుడ్డు కూడా తినని ఇంట్లో కొంచెం పాలో పెరుగో కొనుక్కోవడమే మేలు. పాలు అసలే పడకపోతే డాక్టరును అడగాలి. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం ఏ జావా తల్లిపాలకు బదులు కాదు.

గేదెను కట్టించిన తేదీ రాసిపెట్టుకోండి. సుమారు 310 రోజులు మోస్తుంది కాబట్టి 250వ రోజుకల్లా వట్టిపోవాలి. అప్పటికి రాగులు, నువ్వులు, ఉలవలు ఇంట్లో ఉండేట్టు చూసుకోండి. పాకపక్కన ఒక మునగ కొమ్మ ఇప్పుడే నాటుకోండి.