ఖండం అంటే ముక్క

అరకులోయలో ఏ బడిపిల్లనైనా ఖండాలెన్ని అని అడగండి, ‘ఏడు’ అని టక్కున చెబుతుంది. మెక్సికోలోనో అర్జెంటీనాలోనో చదివే పిల్ల ఈ లెక్క ఒప్పుకోదు. అక్కడి పాఠాల్లో ఉత్తర, దక్షిణ అమెరికాలు కలిపి ఒకటే ఖండం. రష్యా పిల్లలు ఐరోపాను, ఆసియాను కలిపి యురేషియా అని నేర్చుకుంటారు. ఒలింపిక్ జెండా మీద వలయాలు అయిదే. అమెరికాను ఒకటిగా లెక్కపెట్టి, జనావాసం లేని అంటార్కిటికాను వదిలేశారు.

వీటిలో ఏ జవాబూ తప్పు కాదు. ఐరోపాకీ ఆసియాకీ మధ్య సముద్రం లేదు. ఉన్నది యూరల్ కొండల వరస, దాన్ని హద్దుగా ఎంచుకున్నది మనుషులు. రెండు అమెరికాలు పనామా దగ్గర సన్నటి నేలతో అతుక్కుని ఉన్నాయి. అతుకును చూసినవాళ్ళు ఒకటన్నారు, అది మరీ సన్నమనుకున్నవాళ్ళు రెండన్నారు.

అసలు మాటల్లోనే తేడా ఉంది. ఇంగ్లీషు ‘కాంటినెంట్’కు మూలమైన లాటిన్ మాటకు ‘కలిసి ఉన్న నేల’ అని అర్థం. మన ‘ఖండం’ అంటే ముక్క. ఒకటి కలయికను చెబుతుంది, ఇంకొకటి కోతను. రెండింటికీ సాక్ష్యం అరకు దారిలోనే దొరుకుతుంది.

అనంతగిరి ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట ఒక రాయి చేతిలోకి తీసుకోండి. పైన తుప్పు రంగు, అక్కడక్కడా సుద్దలాంటి తెల్లటి మచ్చలు. పగిలిన వైపు దానిమ్మ గింజల్లా ఎర్రటి గార్నెట్లు. ఇది ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఈ పేరు పెట్టాడు. మన వైపు వాళ్ళను కోదులనీ సామంతులనీ అంటారు. కోణార్క్ సూర్యదేవాలయం కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే.

ఈ రాయి పుట్టుక బురద. పురాతన సముద్రం అడుగున పేరుకున్న బంకమన్ను భూమి లోతుల్లోకి దిగి, సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి ఉడికి ఇలా మారింది. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట మన తూర్పు అంచు, తూర్పు అంటార్కిటికా ఒకదానికొకటి ఒత్తుకుని ఏకమైన కాలం అది. అందుకే ఈ కొండల శిలలకు తోబుట్టువులు అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్, మాసన్ తీరాల్లో దొరుకుతున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట ఆ అతుకు విడిపోయింది. మధ్యలో హిందూ మహాసముద్రం పరుచుకుంది. 2012లో మన దేశం ‘భారతి’ పరిశోధన కేంద్రాన్ని తెరిచిన లార్స్‌మన్ కొండలు ఒకప్పుడు మన తూర్పు తీరానికి ఆనుకుని ఉన్న సీమలోవే. ఇప్పుడు విశాఖ నుంచి అక్కడికి 9 వేల కిలోమీటర్లకు పైనే.

ఈ నేలలన్నీ కలిసి ఉన్న మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు గోండ్వానా, అంటే గోండుల సీమ. 1885లో ఎడ్వర్డ్ సూస్ ఆ పేరును ప్రపంచానికి పరిచయం చేశాడు. గోండులు మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉన్నారు. రాయికి ఖోండుల పేరు, మహాఖండానికి గోండుల పేరు. మన కొండ బడుల్లో పిల్లలకు ముందుగా అందవలసిన పాఠం ఇది. తమ పేరు భూగోళ శాస్త్రంలో ఉందని వాళ్ళకు తెలియాలి.

పరీక్షలో ఏడు అని రాసిన పిల్లకు మార్కు వేయండి. ఆ తర్వాత బడి వెనక కొండకు తీసుకెళ్ళి ఒక రాయి చేతిలో పెట్టండి. దీని రెండో ముక్క మంచు కింద ఉందని చెప్పండి.