హైపోనా? హైపరా?

పటమట రైతుబజారుకి రోజూ నడిచి వెళ్లి కూరలు తెచ్చే మా అత్తయ్యగారు ఉన్నట్టుండి నీరసపడిపోయారు. మొహం ఉబ్బింది, ఫ్యాను కింద కూర్చుంటే చలంటారు. తప్పు నాదే! రిపోర్టులో టీ.ఎస్.హెచ్. ఎక్కువుందని చూసి, "హైపర్ అన్నమాట! ఎక్కువైనదానికి మళ్లీ మాత్రలెందుకు? మానెయ్యండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ మానేశారు.

డాక్టరమ్మ చూసి, "హైపర్ కాదమ్మా, హైపో!" అని నన్ను చీవాట్లేశారు.

ఈ రెండూ గ్రీకు మాటలే. 'హైపో' అంటే కింద, 'హైపర్' అంటే పైన. హైపో థైరాయిడ్‌లో హార్మోను తక్కువ తయారవుతుంది. బరువు పెరగడం, మలబద్ధకం, నెలసరి తేడాలు కనిపిస్తాయి. హైపర్‌లో హార్మోను ఎక్కువవుతుంది. గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, బాగా తింటున్నా చిక్కిపోవడం దాని లక్షణాలు.

మరి టీ.ఎస్.హెచ్. ఎక్కువుంటే హైపో ఎలా అయింది? అక్కడే ఉంది తిరకాసు. అది థైరాయిడ్ తయారుచేసేది కాదు. "పని చెయ్యి" అని థైరాయిడ్‌ని తొందరపెడుతూ మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి పంపేది. థైరాయిడ్ మందగించేకొద్దీ అది ఇంకా ఎక్కువ పంపుతుంది. అందుకే సాధారణంగా టీ.ఎస్.హెచ్. పెరిగితే హైపో, బాగా తగ్గితే హైపర్.

అత్తయ్యగారు మళ్లీ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ రిపోర్టు వస్తే హైపోనా, హైపరా అని డాక్టరునే అడగండి. ముఖ్యంగా గర్భిణులు సొంతంగా మాత్ర మానకూడదు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం.