బకెట్‌లో పులుస్తున్న బీరు: తేలికపాటి పేల్ ఏల్ లెక్క, చట్టం మాట

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న పిల్లల దగ్గర నాలుగు నెలలు గడిపి వచ్చిన మన సభ్యులు ఈమధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "కార్యదర్శి గారూ, మా అల్లుడు గరాజులో బకెట్ నిండా ఏదో పులియబెడుతున్నాడు, బీరంటాడు. ఫర్వాలేదంటారా?" అని. కొందరి పిల్లలు సెలవులకు వస్తూ ఆ సరంజామా ఇక్కడికీ తెస్తామంటున్నారట. తాగమనీ, వద్దనీ చెప్పడం మా పని కాదు. విషయం తెలిసి ఉండాలని మాత్రమే ఇది రాస్తున్నాం.

ముందు చట్టం. ఇంగ్లండులో 1963 నుంచి ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో 1978లో చేసిన చట్టం 1979లో అమలుకు వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర అలా కాదు. కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజ్ చట్టం, తమిళనాడులో 1937 నాటి ప్రొహిబిషన్ చట్టం, మహారాష్ట్రలో 1949 నాటి ప్రొహిబిషన్ చట్టం, ఒడిశాలో 2008 నాటి ఎక్సైజ్ చట్టం, యానాంకు వర్తించే 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజ్ చట్టం ఉన్నాయి. వీటి కింద లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం. యానాంలో సీసా చవక కదా అంటారు. కొనడం వేరు, చేయడం వేరు. కాబట్టి కింద చెప్పే లెక్క అక్కడి గరాజుకే గానీ మన వంటింటికి కాదు. పిల్లలు పెట్టె సర్దకముందే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

రెండో భయం కల్తీసారా గురించి. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో జరిగిన ఘోరం ఎవరూ మరిచిపోలేదు. అక్కడ ప్రాణాలు తీసింది సారాలో కలిసిన మిథనాల్. బీరును బట్టీ పెట్టి దించరు, పులియబెడతారు అంతే. గింజలు పులిసినప్పుడు పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత స్వల్పం. ఇంటి బీరులో అసలు ప్రమాదం వేరే ఉంది, సీసాల దగ్గర చెబుతాం.

ఇక ఆ బకెట్‌లో ఏముందంటే మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లు. మాల్ట్ మనకు కొత్త కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి రాగి మాల్ట్ చేస్తాం కదా, వాళ్లు అదే పని బార్లీతో చేస్తారు. లేత రంగు వచ్చేలా ఆరబెడితే పేల్ మాల్ట్, దానితో చేసింది పేల్ ఏల్. హాప్స్ ఒక తీగకు కాసే పచ్చని పూమొగ్గలు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్‌లో పండిస్తారు. గంజాయి కుటుంబపు మొక్కే అయినా ఆ మత్తు దీనికి లేదు. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దానికి అందకుండా పెట్టాలి, హాప్స్ కుక్కకు విషం.

పేల్ ఏల్‌కు మన చెన్నపట్నంతో పాత సంబంధం ఉంది. లండన్‌లో హాడ్జ్‌సన్ బీరు కార్ఖానా నుంచీ, 1820ల తర్వాత బర్టన్ ఊరి నుంచీ ఈ బీరు పీపాల్లో ఓడలెక్కి మద్రాసు, కలకత్తా, బొంబాయి చేరేది. తాగింది ఎక్కువగా దొరలే.

ఇక లెక్క. జీవితమంతా లెడ్జర్లు రాసినవాళ్లం కనుక ఈ భాగం మాకు భలే నచ్చింది. 20 లీటర్ల తేలిక బీరుకు మొదటి సాంద్రత 1.040 చాలు. నీటికి 1.000, ఆ పైనున్న 40ని పాయింట్లు అంటారు. 20ని 40తో గుణిస్తే 800. ఇంటి పాత్రల్లో కిలో మాల్ట్ నుంచి సుమారు 210 పాయింట్లు వస్తాయి. భాగిస్తే 3.8 కిలోలు. అందులో 3.4 కిలోలు పేల్ మాల్ట్, నురుగు నిలవడానికి గోధుమ మాల్ట్ 200 గ్రాములు, కాస్త రంగుకు లేత కారమెల్ మాల్ట్ 200 గ్రాములు. కారమెల్ ఎక్కువైతే తీపి మిగిలి హాప్స్ వాసనను మింగేస్తుంది. ఈ గింజను 66 డిగ్రీల వేడినీళ్లలో గంట నానబెట్టి వడకడతారు. ఈస్ట్ ఆ తీపిలో ముప్పాతిక భాగం తినేస్తే సాంద్రత 1.010కి దిగుతుంది, ఆల్కహాల్ 4 శాతం లోపు ఉంటుంది.

కుర్రాళ్లు తప్పేది చేదు దగ్గర. 60 పాయింట్ల బరువైన బీరుకు 60 చేదు వేసిన రెసిపీ చూసి, 40 పాయింట్ల బీరుకూ అంతే వేస్తారు. అది వేపాకు కషాయం. తేలిక బీరుకు పాయింట్లలో మూడింట రెండు వంతులు, అంటే 25 నుంచి 28 చాలు. మరి హాప్స్ గుబాళింపు ఎలా అంటే, వేసే వేళలో ఉంది కిటుకు. ఎక్కువసేపు మరిగితే చేదు దిగుతుంది, వాసన పోతుంది. రసంలో కొత్తిమీర దించేముందు వేస్తాం కదా, అదే సూత్రం.

గంట మరుగుకు మొదట్లో మాగ్నమ్ రకం 10 గ్రాములు. అందులో 12 శాతం ఆల్ఫా ఆమ్లం, అంటే 1,200 మిల్లీగ్రాములు. పావు వంతు బీరులో నిలుస్తుంది, 300. దాన్ని 20 లీటర్లకు పంచితే లీటరుకు 15, చేదు కొలత అదే. ఆఖరి పది నిమిషాలకు కాస్కేడ్ 30 గ్రాములు వేస్తే ఇంకో 8. పొయ్యి ఆపి, 80 డిగ్రీలకు చల్లారాక మరో 40 గ్రాములు, ఇక్కడ కొద్దిపాటి చేదే చేరుతుంది. పులియడం ముగిశాక 50 గ్రాములు మూడు రోజులు నానబెడతారు. 130 గ్రాముల్లో 120 గ్రాములు చివర్లోనే పడ్డాయి చూడండి. కాస్కేడ్ అమెరికాలో 1972లో విడుదలైన రకం, దబ్బకాయ తొక్క లాంటి వాసన.

మరగడం అయ్యాక తగిలే ప్రతి వస్తువూ ఆవకాయ జాడీ కంటే శుభ్రంగా ఉండాలి. ఇడ్లీ పిండికి వెచ్చదనం మేలు గానీ ఈ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలే మేలు. పాతిక దాటితే వెగటు వాసనలు వస్తాయి. సుమారు రెండు వారాలు పడుతుంది.

సీసాల సంగతి ఇది. గ్యాస్ పుట్టడానికి లీటరుకు 6 గ్రాముల చక్కెర, మొత్తం 120 గ్రాములు కలిపి మూత బిగిస్తారు. బకెట్‌లో పులియడం పూర్తికాకుండా ఈ పని చేస్తే, లేదా చక్కెర చేయి జారితే, సీసాలు బాంబుల్లా పేలి గాజు ముక్కలు ఎగురుతాయి. రెండు మూడు రోజులు వరుసగా కొలిచినా సాంద్రత మారకపోతేనే సీసాలకు ఎత్తాలి. మనవలు ఆడుకునే గరాజు అయితే ఆ సీసాలు మూత ఉన్న పెట్టెలో ఉన్నాయో లేదో పెద్దవాళ్లు ఒకసారి చూడండి.

రెండు వారాల్లో సీసా తాగడానికి సిద్ధం. హాప్స్ వాసన నెలా రెండు నెలల్లో తగ్గిపోతుంది కనుక, నాన్న కోసమని దాచి సంక్రాంతికి సూట్‌కేసులో మోసుకురావడం దండగ. ఈ రుచి చూడాలనుకునే వారికి బెంగళూరులో లైసెన్సుతో అక్కడికక్కడే బీరు తయారుచేసే చోట్లు ఉన్నాయి.