కుక్కపిల్ల నోటికి ఏ త్రాడు ఇయ్యవలెను?

వేరుశనగ, మొక్కజొన్న చేలపై అడవిపందులు పడుచోట, గొఱ్ఱెలదొడ్డివద్ద, రాత్రివేళ కళ్లములో కుక్క చేయు సేవ రైతు సోదరులకు నేను చెప్పనక్కరలేదు. అయితే అదే కుక్క పిల్లగా ఇంటికి వచ్చిన తొలి నెలలలో కనబడిన దానినెల్ల కొరుకును. చెప్పులు, చీపురు, దూడ పలుపు, ఏదియు దానికి బేధము లేదు.

"అయ్యా, మీరు చెప్పినారని డ్రిప్పు వేసితిని. ఎలుకలు కొట్టునేమో అని భయపడితిని గాని, నేను తెచ్చుకొన్న కుక్కపిల్లే గొట్టములు నాలుగుచోట్ల కొరికి పెట్టినదండీ!" అని ఒక రైతు నాతో మొరపెట్టుకొన్నాడు. కోపము పట్టలేక దానిని కొట్టినాడట. కొట్టి లాభము లేదు. కుక్కపిల్లకు పాలపండ్లు 28. నాలుగవ నెల మొదలుకొని ఏడవ నెలలోపల అవి రాలి, వాటి స్థానమున 42 గట్టిపండ్లు వచ్చును. ఆ కాలములో చిగుళ్లు సలుపుట చేత దేనినైనను నమలక అది ఊరుకొనలేదు. దాని నోటికి తగిన త్రాడు మీరు ఇయ్యనియెడల, తగని త్రాడు అదే వెదకుకొనును.

తగని త్రాడు ఏమి చేయునో నాకు అనుభవమున్నది. కొన్ని ఏండ్ల క్రిందట నా క్వార్టర్సులో ఒక కుక్కపిల్లను పెంచితిని. దానికి నాలుగు నెలలుండగా, టార్పాలిన్ కట్టగా మిగిలిన నీలిరంగు ప్లాస్టిక్ త్రాటి ముక్కను ఆటకు నేనే ఇచ్చితిని. రెండు దినములు ఎంతో సంతోషముగా ఆడుకొన్నది. మూడవనాడు వాంతులు మొదలైనవి. అజీర్ణమనుకొని మజ్జిగ పోసి ఒకటిన్నర దినము వృథా చేసితిని. పశువైద్యులు పొట్ట తెరచి చూడగా, త్రాటి పోగుల ఉండ ఒకటి జీర్ణాశయములో చిక్కుకొని, దాని తోక పేగులోనికి దిగియున్నది. పేగు కదలినకొలది ఆ పోగు బిగిసి, బొందు లాగిన లంగావలె పేగంతయు ముడతలు పడినది. రెండుచోట్ల పోగు పేగును కోసివేసినది. పిల్ల దక్కలేదు.

నేను పశువైద్యుడను కాను, వ్యవసాయశాస్త్రము చదివినవాడను. అయినను నాటినుండి ఏ ఇంటనైనను కుక్కపిల్ల కనబడినచో, ముందు దాని నోట ఉన్నదేమో చూచుట నాకు అలవాటైనది.

ఏ త్రాడు మంచిది?

మన ఇండ్లలో దొరకు త్రాళ్లలో బిగువుగా పేనిన లావుపాటి నూలుత్రాడు మేలు. కొబ్బరిత్రాడు పనికిరాదు. దాని పీచు గరుకైనది, విరిగి పండ్ల సందులలో గ్రుచ్చుకొనును. గోగునార, జనపనార త్రాళ్లు త్వరగా నూగు రాల్చును. నైలాన్ త్రాడు చాలకాలము నిలుచును గాని, చిట్లిన పోగు చిగురును కోయును. ప్లాస్టిక్ త్రాటి సంగతి పైన చెప్పితిని. ఎరువుల బస్తా కుట్టిన దారము, పురుగుమందు డబ్బాలు కట్టిన త్రాడు, స్ప్రేయరుకు చుట్టిన త్రాడు కుక్కకు అందని ఎత్తున ఉంచుడు.

కొనుట ఇష్టము లేనివారు పాత నూలుపంచెతో చేసికొనవచ్చును. బెత్తెడు వెడల్పున మూడు పేలికలు చీల్చి, జడవలె బిగించి అల్లి, రెండు కొసలయందును గట్టిముడులు వేయవలెను. ముడి కుక్క నోటిలో పూర్తిగా ఇమిడిపోవునంత చిన్నది కాగూడదు. పిల్లకు అడుగున్నర, ఎదిగిన కుక్కకు రెండు, రెండున్నర అడుగుల పొడవుండిన మీ చేతికిని దాని పండ్లకును ఎడముండును. గుడ్డ నూలుదో కాదో అనుమానమైనచో ఒక పోగు లాగి అంటించి చూడుడు. నూలు కాగితమువలె కాలి బూడిదయగును. పాలిస్టరు, నైలాన్ వంటివి కరగి గట్టి పూసవలె ముడుచుకొనును. అయితే నూలైనను మ్రింగినచో అరుగదు. నూలుత్రాడు అపాయము తగ్గించునేగాని, తొలగించదు.

బజారులో రంగురంగుల లాగుడుత్రాళ్లు అమ్ముచున్నారు. వాటికిని ఇదే పరీక్ష. గంటలు, గుండీలు కుట్టియున్నచో ముందే కోసివేయుడు.

పశువుల పలుపు ముక్కను మాత్రము ఆటకు ఇయ్యకుడు. ఆట త్రాడేదో, ఆవు మెడలోని త్రాడేదో కుక్కకు తెలియదు. నేడు పలుపు ముక్కతో ఆడినది రేపు కట్టుగొయ్యవద్ద దూడ పలుపును, ఆపైన దాని తోకను పట్టి లాగును. తప్పు ఎవరిదని అడుగవలెను?

ఆడించుట

ఆట మీ చేతితో మొదలై మీ చేతితోనే ముగియవలెను. పూటకు అయిదు నిమిషములు చాలును. త్రాడును నేలకు సమముగా మెల్లగా ప్రక్కలకు ఆడించుడు. పైకి ఎగలాగుట, నోట త్రాడున్న కుక్కను గాలిలోనికి లేపుట మెడకును పండ్లకును హాని. పండ్లు మారు కాలములో మీరు పట్టుకొని ఊరకుండిన చాలును, లాగుట దానికి వదలుడు. "వదులు" అని ఒక మాట నేర్పుడు. త్రాడు లాగికొనక, మరియొక చేతితో రొట్టెముక్క చూపినచో తానే వదలును. పది దినములలో మాటకే వదలుట నేర్చును. కోడిపిల్లను నోట పట్టిననాడు ఈ మాట విలువ తెలియును.

త్రాడులాటలో గెలువనిచ్చిన కుక్క నెత్తికెక్కునని పెద్దలందురు. బ్రిటన్ శాస్త్రజ్ఞులు 14 గోల్డెన్ రిట్రీవర్ కుక్కలతో ఈ సంగతి పరీక్షించి, గెలిచినను ఓడినను యజమానిపై పెత్తనము పెరుగలేదని 2002లో ప్రకటించినారు. ఆ జాతి వేరు, మన ఊరకుక్క వేరు అని మీరనవచ్చును. నిజమే. అయినను గెలుపు దొరకని ఆటపై కుక్కకు ఆసక్తి తగ్గవచ్చును. పండ్లు చేతికి తగిలినచో మాత్రము ఆ పూటకు ఆట కట్టివేయుడు.

పసిపిల్లలు పెద్దలు లేకుండ ఈ ఆట ఆడరాదు. కుక్కపిల్లకు మూడవ నెలలో రేబిస్ టీకా, పిమ్మట పశువైద్యులు చెప్పినట్లు బూస్టరు, ఏటేట టీకా వేయించవలెను. ఆటలో పండు గీరి నెత్తురు వచ్చినను తేలికగా తీసికొనకుడు. సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. పసుపు, సున్నము, కారము అద్దరాదు.

ఆట ముగియగానే త్రాడును ఎత్తి వసారా దూలమునకు వ్రేలాడదీయుడు. కుక్కవద్ద వదలి పొలము పోవుట నేను చేసిన తప్పే. వారమునకొకసారి వేడినీట ఉతికి ఎండబెట్టుడు. చిట్లిన పోగులు కత్తిరించుడు. ముడి వదులైననాడు, ముక్క తగ్గిననాడు పారవేయుడు. పాత పంచె విలువ ఎంత?

మ్రింగినచో

మాటిమాటికి వాంతి, మేత ముట్టకుండుట, వీపు వంచి నిలుచుట, పొట్ట తాకిన మూలుగుట కనబడినచో ఆ పూటే పశువైద్యశాలకు తీసికొనిపొండు. ఆముదము పోయకుడు. ఉప్పునీరు త్రాగించి కక్కించకుడు. ఆసనమునుండి పోగు వ్రేలాడుచున్నచో లాగకుడు, లోపల పేగు తెగును. దగ్గర వైద్యశాలలో శస్త్రచికిత్సకు వసతి లేనిచో తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరము పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నవి. ఎక్సరేలో త్రాడు స్పష్టముగా కనబడకపోవచ్చును. గనుక మిగిలిన త్రాటి ముక్కను కూడ వెంట తీసికొనిపోయి డాక్టరుగారికి చూపుడు.