ఒక్క గుక్కలో 33 పంటలు

ఆవకాయ కలిపిన మూడోనాడు జాడీ తిరగేస్తూ, కాస్త ఊట నాలిక్కి రాసుకుని ‘ఈ ఏడు ఉప్పు కొంచెం ముందుంది, ఊరితే సర్దుకుంటుందిలే’ అని అమ్మమ్మ ఇట్టే చెప్పేసేది, గుర్తుందా? ఇవాళ్టి రుచిని బట్టి రేపటి రుచి చెప్పడమన్నమాట! సరిగ్గా ఈ విద్యనే వృత్తిగా చేసుకున్నవాళ్లు ఏటా వసంతంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానికి వస్తారు. అంతకు ముందటి శరత్తులో కోసిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ అప్పటికింకా పీపాల్లోనే ఉంటుంది. ఆరు నెలల పసిబిడ్డ! పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఓ గుక్కతో చెప్పాలి.

2016 ఏప్రిల్‌లోనూ అలాగే వచ్చారు. షాతో మార్గో అనే ఎస్టేట్‌లో వాళ్ల ముందు పెట్టింది 2015 పంట వైన్. కానీ దాన్ని తయారుచేసిన పోల్ పొంటాలియే వాళ్లకి ఎదురొచ్చి పలకరించలేదు. కొద్దిరోజుల ముందే, మార్చి 28న, కాన్సర్‌తో కన్నుమూశాడు. 59 ఏళ్లే! అక్కడ ఆయన చేతి మీదుగా వచ్చిన మొదటి పంట 1983ది. ఆఖరుది 2015ది.

‘వైన్ సంగతులు మనకెందుకండీ?’ అంటారా? కాస్త ఆగండి. ఈ కథలో తాగడం తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆ పట్టుదల ఓ 27 ఏళ్ల అమ్మాయిది.

నాన్న వదిలి వెళ్లిన తోట

1855లో ప్యారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు తరగతులు నిర్ణయించినప్పుడు మొదటి తరగతిలో నిలిచిన ఎర్ర వైన్లు నాలుగే. వాటిలో మార్గో ఒకటి. అంతటి పేరున్న తోట కూడా 1970లలో చితికిపోయింది. 1973 తర్వాత వైన్ ధరలు కుప్పకూలడంతో యజమానులైన జినెస్తే కుటుంబం అమ్మకానికి పెట్టక తప్పలేదు. ఓ అమెరికా కంపెనీ కొనబోతే ఫ్రెంచి ప్రభుత్వం అడ్డుచెప్పింది. చివరికి 1977లో ఆంద్రే మెంట్జెలోపులోస్ కొన్నాడు. గ్రీసులో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడి, వరసగా కిరాణా దుకాణాలు నడిపి పైకొచ్చినాయన.

కొన్నవాడు ఊరుకోలేదు. నీళ్లు నిలవకుండా కాలవలు బాగుచేయించాడు. పాత తీగలు తీయించి కొత్తవి నాటించాడు. ఎమిల్ పేనో అనే పేరుమోసిన వైన్ శాస్త్రవేత్తను సలహాకి పిలిచాడు. ఆ కష్టానికి పూర్తి ఫలితం కళ్లజూడకుండానే 1980 డిసెంబరులో పోయాడు.

కూతురు కొరీన్‌కి అప్పుడు 27 ఏళ్లు. చదివింది సాహిత్యం, రాజనీతి. వైన్ తయారీ గురించి చదువుకున్నది లేదు. అమ్మేసి చేతులు దులుపుకుంటే అడిగేవాళ్లూ లేరు. కానీ తల్లి లోరాతో కలిసి తోట నిలబెట్టడానికే నిశ్చయించుకుంది. తనకి తెలియదని ఒప్పుకోవడం, తెలిసినవాళ్లని నమ్మడం... ఈ రెండే పెట్టుబడి! 1983లో ఇంకా ముప్ఫై నిండని పొంటాలియేని తెచ్చుకుంది. ఓక్ పీపాల్లో వైన్ ఎలా పక్వానికొస్తుందో పరిశోధించినవాడతను. 33 పంటలు ఇద్దరూ కలిసి చూశారు. మధ్యలో మెజారిటీ వాటా ఇటలీకి చెందిన ఆన్యెల్లీ కుటుంబం చేతికి వెళ్తే, 2003లో దాన్నీ తిరిగి కొనేసుకుంది కొరీన్.

రాళ్ల నేల... చిట్టి ద్రాక్ష

ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల విరగపండిన అనాబ్-ఎ-షాహి గుర్తుందిగా? పెద్ద గింజ, నోటినిండా రసం. వైన్ ద్రాక్ష అలా ఉండదు. చిన్న గింజ, మందపాటి తొక్క, లోపల విత్తనాలు. రంగూ వగరూ ఆ తొక్కలోనే ఉంటాయి మరి! మార్గోలో నేల గులకరాళ్లమయం. మామూలు పంటకైతే దండగ. తీగ మాత్రం నీటికోసం వేళ్లు లోతుకి పంపి, తక్కువ కాయ కాసి, ఉన్నదాంట్లోనే రుచి కూరుకుంటుంది.

ఇక వాతావరణం ఏటా ఒకేలా ఉండదుగా. అందుకే సీసా మీద పంట ఏడు వేస్తారు. దాన్నే వింటేజ్ అంటారు. 2015లో జూన్, జూలై ఎండలు దంచేశాయి. ఆగస్టు వానలు తీగకి ప్రాణం పోశాయి. కోతలకి కాలం కలిసొచ్చింది. అంత మంచి ఏడు కూడా పంటలో మూడోవంతుకి అటూఇటూగా మాత్రమే అసలు పేరుతో సీసాలకెక్కింది. మిగిలినది కింది తరగతి వైన్లలోకి పోయింది. ‘ఫరవాలేదులే’ అనుకుని అన్నీ కలిపేస్తే పేరు నిలుస్తుందా?

రుచి చూసే తీరు

రుచి చూసేవాళ్లు ముందు గ్లాసుని తెల్లటి కాగితం పైన వంచి రంగు చూస్తారు. లేత వైన్‌కి అంచున ఊదారంగు, ముదిరిన వైన్‌కి ఇటుకరంగు. తర్వాత గ్లాసుని గుండ్రంగా తిప్పి వాసన చూస్తారు. మార్గో వైన్లలో వయొలెట్ పూల పరిమళం ఉంటుందని పేరు. ఆపైన ఓ చిన్న గుక్క. నోరంతా తిప్పి... ఉమ్మేస్తారు! అవునండీ, మింగరు. రోజుకి పదుల రకాలు చూడాలి, మత్తెక్కితే నాలుక అబద్ధం చెబుతుంది మరి.

వాళ్లు ముఖ్యంగా వెతికేది వగరు. కసుగాయ నేరేడు తింటే నాలుక గరగరలాడుతుందే, అదే. లేత వైన్‌లో అది ఉండాలి. లేకపోతే ఇరవై ఏళ్లు నిలవదు. కానీ కరుకుగా ఉండకూడదు. 2015 మార్గోలో పదిలో ఎనిమిది పాళ్లకు పైగా కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షే. వగరుకి పెట్టింది పేరు. అయినా ఆ వగరు పట్టులా జారిందని రుచి చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పొంటాలియే చేతిపని అదే.

సీసా మీద గుర్తు

ఈ వైన్‌ని సీసాలో నింపే వేళకి కొరీన్ ఓ పని చేసింది. మామూలు కాగితపు లేబుల్ మానేసి, నల్లటి సీసా మీద బంగారు రంగులో తమ భవనం బొమ్మ వేయించింది. దాని కింద పోల్ పొంటాలియేకి నివాళి అని రాయించింది. ఆ భవనానికి అప్పటికి 200 ఏళ్లు.

దాని ధర మనబోటివాళ్లం అడగనక్కర్లేదు. తాగమనీ ఎవరూ చెప్పడం లేదు. కానీ తండ్రి సగంలో వదిలిన పనిని అందుకుని, తోడుగా నిలిచినవాడి పేరుని తన పేరు పక్కన నిలబెట్టిన ఆ మనిషిని తలుచుకోవచ్చుగా! ఆ సీసాలు ఎన్నో ఇప్పటికీ చీకటి గదుల్లో పడుకుని ఉన్నాయి. అమ్మమ్మ అన్నట్టు... ఇంకా ఊరాలి.