ఎగ్జిమా ఉన్న బిడ్డకు టీకా వేయించవచ్చునా?



ఇటీవల మేము ఒక ఇంటిని దర్శించినప్పుడు, పది నెలల బిడ్డకు తట్టు, రుబెల్లా టీకా వేయించలేదని తెలిసింది. "ఒళ్లంతా ఎగ్జిమా అయ్యగారూ, ఆయింట్‌మెంటు రాస్తున్నాం. దాని మీద టీకా వేస్తే వికటిస్తుందంట" అన్నది ఆ తల్లి. ఇలాంటి భయము మరికొన్ని ఇళ్లలోనూ ఉండవచ్చును గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ భయమునకు పాత కారణమొకటి ఉన్నది. మశూచి టీకాలు వేసే రోజులలో, ఎగ్జిమా ఉన్నవారికి ఒక్కొక్కసారి ఆ టీకాలోని క్రిమి చర్మమంతా పాకి ప్రాణము మీదికి తెచ్చేది. మశూచి లోకములో లేకుండా పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మన బిడ్డలకు ఇప్పుడు ఆ టీకా వేయరు. ఆనాటి హెచ్చరికను తట్టు టీకాకు అంటగట్టరాదు.

మరి మందుల సంగతి ఏమిటి? ఎగ్జిమాలో శరీరపు రక్షణ శక్తి చర్మము మీద అనవసరముగా రేగుతుంది. మందులు దానిని అణచుతాయి. టీకా పనిచేయవలసినది కూడ ఆ శక్తి ద్వారానే. కాబట్టి ఏ మందు, ఎంత మోతాదు అన్నది ముఖ్యము.

డాక్టరు చెప్పిన మేరకు చర్మముపై రాసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు టీకాకు అడ్డు కాదు. అయితే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్‌ను నోటి ద్వారా, బిడ్డ బరువులో కిలోకు రోజుకు 2 మిల్లీగ్రాములు లేక అంతకు మించి, 14 రోజులు గాని ఎక్కువ గాని వాడితే జాగ్రత్త అవసరము. తట్టు టీకాలో బలహీనపరచిన సజీవ క్రిమి ఉంటుంది గనుక, మందు ఆపిన తరువాత కనీసము నెల రోజులు ఆగి వేస్తారు. మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వాడేవారు కూడ డాక్టరును అడగకుండ ఇలాంటి టీకా వేయించుకొనరాదు. ధనుర్వాతము, కోరింత దగ్గు టీకాలలో సజీవ క్రిమి లేదు. అవి ఈ మందుల వలన హాని చేయవు గాని, ఫలితము కొంత తగ్గవచ్చును.

అన్నిటికంటె ప్రమాదము, పేరు తెలియని మందు. పొట్లములో కట్టి ఇచ్చిన మాత్రలు స్టెరాయిడ్ అవునో కాదో తల్లికి ఎలా తెలుస్తుంది? చీటీ అడిగి తీసుకొనండి. మందు పెట్టెను పారవేయక టీకాల రోజున నర్సమ్మకు చూపించండి. స్టెరాయిడ్ మాత్రలను మాత్రము మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

ఆ తల్లి మందులన్నీ తీసుకొని వెళ్లి నర్సమ్మకు చూపించింది. ఉన్నది ఆయింట్‌మెంటు ఒక్కటే. బిడ్డకు ఆ రోజే టీకా వేశారు. తట్టు వలన నిమోనియా వచ్చి బిడ్డలు చనిపోవుట ఇంకను ఉన్నది. అడిగితే తీరిపోయే అనుమానము కొరకు బిడ్డను ఆ అపాయములో ఉంచకుందము.